ఆకుపచ్చ వాళ్ళు

అంత పెద్ద కారు తమ కొట్టు ముందు ఆగిందంటే దారి తప్పి అయినా ఉండాలి, ఏదో పేచీ పెట్టుకోవడానికయినా వచ్చి ఉండాలి అనుకుంది రంగులమ్మ. ఆ సందులో కారు వెనక్కి తిప్పుకునే చోటు కూడా లేదు. ఒక పక్క తాళాలు బాగుచేసే కొట్టు, ఇంకో పక్క పాత టైర్ల గుట్ట, మధ్యలో వీళ్ళ ప్రింటింగ్ కొట్టు. పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల ప్రెస్సులు బోలెడుండగా, కారు దిగినావిడ తిన్నగా లోపలికి వచ్చి, రంగులమ్మ కంప్యూటర్ ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇక్కడ రంగులు చూసేది మీరేనా?" అంది.

రంగులమ్మకి అసలు పేరు వేరే ఉంది గానీ కొట్లో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళి కార్డయినా, మందుల డబ్బా మీద చీటీ అయినా, వచ్చినవాళ్ళు చూపించిన రంగు కాగితం మీదికి దిగేదాకా ఆమె ఊరుకోదు. తెర మీద మెరిసే రంగు వేరు, కాగితం తాగినంత తాగి మిగిల్చే రంగు వేరు. ఆ తేడా ముందే కనిపెట్టి ఇక్కడ కాస్త తగ్గించి అక్కడ కాస్త పెంచడమే ఆమె పని. మెషిన్ నడిపే పెద్దాయన, ఆమె అన్నయ్యా అని పిలిచే ఆయన, ఆ పేరు పెట్టాడు. అదే ఉండిపోయింది.

వచ్చినావిడకి కూతురి పుట్టినరోజు కార్డులు కావాలి. రెండు రకాలు. ఒకటి నీలం. దానికి మందపాటి కాగితం, అంచుకి బంగారు రేకు, కూతురి ఫొటో, భర్త కంపెనీ పేరు అన్నీ ఉండాలి. రెండోది ఆకుపచ్చ. అరచేతిలో పట్టేంత ఉంటే చాలు. దానికి రేకు వద్దు, ఫొటో వద్దు, కంపెనీ పేరు అసలే వద్దు. ఆఖరి వాక్యం మాత్రం రెండింట్లోనూ ఒకటే. 'ఈ కార్డు ఏ రంగులో ఉందో ఆ రంగు బట్టలు వేసుకుని రండి.'

రంగులమ్మ రెండూ ఒకే ఫంక్షన్‌కా అని అడిగింది. ఒకే ఇల్లు, ఒకే సాయంత్రం అంది ఆవిడ.

"కానీ వీళ్ళూ వాళ్ళూ కలిసిపోకూడదు. చూడగానే తెలిసిపోవాలి."

ఆ మాట అంటూనే సంచీలోంచి ఒక గుడ్డముక్క తీసి బల్ల మీద పెట్టింది. నిగనిగలాడే చిలకపచ్చ. నీలం అటూ ఇటూ అయినా ఫర్వాలేదట, ఆకుపచ్చ మాత్రం అచ్చం ఈ ముక్కలా రావాలట. బంగారు రేకు వేయించుకునేవాళ్ళ రంగు ఎలా వచ్చినా ఫర్వాలేదు గానీ రేకు లేనివాళ్ళ రంగు మాత్రం తప్పకూడదా? రంగులమ్మకి అక్కడే ముల్లులా గుచ్చుకుంది. పనివాళ్ళందరికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టిస్తారు చూడండి, అలాంటి తానులో ముక్కేమో ఇది అనిపించింది. ఆర్డరు రాసుకుంటూ ఆవిడకి మనసులోనే నీలం మేడం అని పేరు పెట్టేసింది.

నీలం కార్డు కోసం ఇచ్చిన ఫొటో తెర మీద తెరిచాక అసలు సంగతి బయటపడింది. ఫొటోలో పిల్ల బడి యూనిఫాంలో ఉంది. ఆ టై, ఆ బ్యాడ్జీ రంగులమ్మ రోజూ పొద్దున్నే ఇస్త్రీ చేసి తొడిగేవే. కింద తరగతి కూడా రాసి ఉంది. తన కూతురు గువ్వ చదివేది ఆ బళ్ళోనే, ఆ తరగతిలోనే.

గువ్వని ఆ బళ్ళో ఫీజు లేకుండా చేర్చుకున్నారు. చేరినప్పటి నుంచీ ఎవరెవరి పుట్టినరోజుల చాక్లెట్లో ఇంటికొచ్చాయి గానీ కార్డు మాత్రం ఒక్కటీ రాలేదు. పిల్ల పైకి ఏమీ అనదు. ఏ పుట్టినరోజు మర్నాడో అన్నం తింటూ, వాళ్ళింట్లో బెలూన్లు కప్పుకి అంటించారటమ్మా అని మాత్రం అంటుంది. ఆ 'అట' వినలేక రంగులమ్మ లేచి గిన్నెలు సర్దుకునేది. ఇప్పుడు ఆ కార్డులే తన చేతి మీదుగా తయారవుతున్నాయి. ఈసారైనా పిల్లకి పిలుపు వస్తుందా, వస్తే ఏ రంగుది వస్తుంది అన్న రెండు ప్రశ్నలు ఆమెకి ఆ సాయంత్రం ఇంటిదాకా తోడొచ్చాయి.

గువ్వని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే పిల్లకి ఆశ పుడుతుంది, పుట్టిన ఆశ తర్వాత ఏమవుతుందో తనకి తెలుసు అనుకుంది.

మర్నాడు ఆకుపచ్చతో కుస్తీ పట్టింది. గుడ్డముక్కని తెర పక్కన అతికించి, కార్డు వేయబోయే అట్ట మీదే చిన్న చిన్న చీలికలు ప్రింటు తీసి, ఒక్కోటీ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి చూసింది. ట్యూబులైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు. మొదటి చీలిక పసుపు తిరిగింది. తర్వాతది నీలం పులుముకుంది. నాలుగైదు పోయాక ఒకటి కుదిరింది. గుడ్డముక్క దాని మీద పెడితే ఎక్కడ గుడ్డ అయిపోయి ఎక్కడ అట్ట మొదలైందో తెలియలేదు. అనుమానం సంగతి ఎలా ఉన్నా చేతికి పనితనం గర్వం ఉంటుంది కదా. అన్నయ్యని పిలిచి మరీ చూపించింది.

"దీనికి ముక్కు పెడితే చిలకే," అన్నాడాయన.

మధ్యాహ్నం నీలం మేడం వచ్చి ఆ చీలిక చూసి మొహం చేటంత చేసుకుంది. చాలా థాంక్స్ అనబోతుండగా ఫోను మోగింది. గుమ్మం దాకా వెళ్ళి మాట్లాడింది గానీ ఆ కొట్లో గుమ్మం ఎంత దూరం గనక.

"లోపలి గదిలో కింద చాపలు పరిచేస్తే సరిపోతుంది. వాళ్ళకి కుర్చీలెందుకు? గేటు దగ్గర బట్టల రంగు చూసి ఎటు వెళ్ళాలో చెప్పేయమను. వాళ్ళు బయట టేబుళ్ళ దగ్గరికి రాకూడదు, ఈయన ఆఫీసు వాళ్ళంతా ఉంటారు. డ్రైవర్ వాళ్ళబ్బాయికా? ఆకుపచ్చే. వంటావిడ మనవరాలికి కూడా."

రంగులమ్మ చేతిలో మౌసు ఆగిపోయింది. నిన్నటి ముల్లు ఇప్పుడు మేకులా దిగింది. పిలిచినట్టు పేరు రావాలి, పక్కన కూర్చోబెట్టుకున్న మచ్చ రాకూడదు. అందుకా ఈ రంగుల సంబరం! పిల్లల ఒంటి మీద బట్టలతోనే గీత గీసేస్తారు, ఆ గీతకి కావలసిన రంగు తను వాకిట్లో నిలబడి వెతికి పెట్టింది. నవ్వుతూ చేయి ఊపి వెళ్ళిపోయిన నీలం మేడానికి ఆమె మాట వరసకైనా మళ్ళీ నవ్వలేదు.

సాయంత్రం ప్రింటుకి పంపేముందు ఆకుపచ్చ కార్డు మళ్ళీ తెరిచింది. ఆకుపచ్చని చంపాలంటే పెద్ద ఆయుధాలేం అక్కర్లేదు, కాస్త ఎరుపు చాలు. మెజెంటా పెంచింది. దాని మీద రవ్వంత నలుపు వేసింది. చిలకపచ్చ కాస్తా నీళ్ళతొట్టి అడుగున పట్టే పాచి రంగులోకి దిగిపోయింది. ఈ రంగు గౌను ఏ షాపులోనూ దొరకదు. దొరకకపోతే అందరూ ఇంట్లో ఏది ఉంటే అది వేసుకొస్తారు. అప్పుడు గేటు దగ్గర మనిషి ఏ రంగు చూసి ఎవర్ని విడగొడుతుందో చూద్దాం అనుకుంది. తప్పు చేస్తున్నాననిపించలేదు. ఇన్నాళ్ళకి ఒక న్యాయమైన పని చేస్తున్నాననే అనిపించింది.

అన్నయ్య మెషిన్లోంచి వచ్చిన మొదటి కార్డు పట్టుకుని లోపలికొచ్చాడు.

"పచ్చ చచ్చిపోయిందమ్మా. పొద్దున నువ్వు చూపించింది ఇది కాదుగా?"

వాళ్ళే మార్చమన్నారు అని చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఇంకేం అడక్కుండా మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనతో ఆమె అబద్ధమాడడం అదే మొదలు.

కార్డుల కట్టలు డ్రైవర్ వచ్చి పట్టుకెళ్ళాడు. మేడం పోట్లాటకి వస్తుందని, వస్తే కాగితం రంగు తాగేసిందండీ అని చెప్పాలని రంగులమ్మ మాట సిద్ధంగా పెట్టుకుంది. ఎవరూ రాలేదు. అది కూడా ఆమె ఆవిడ ఖాతాలోనే వేసింది. ఆకుపచ్చ వాళ్ళ కార్డే కదా, ఎలా ఉంటే ఏం అనుకుని ఉంటుంది.

ఆ తర్వాతి రోజు బడి నుంచి గువ్వ పరిగెత్తుకొచ్చింది. మడత పడకుండా లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి తెచ్చిన కార్డు తీసి, రెండు చేతులతో వాళ్ళమ్మ ముందు పట్టుకుంది. పాచి రంగు కార్డు.

"అందరికంటే ముందు నాకే ఇచ్చిందమ్మా," అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. రంగులమ్మకి కార్డు రంగు తప్ప మరేమీ కనపడలేదు, వినపడలేదు. స్నానం చేసి రా పో అంది.

కార్డుని అసలైన సంబరంతో చూసింది అత్తగారే. కళ్ళజోడు పైకి నెట్టి, వెలుతురుకి పెట్టి, ఈ రంగు నాకు తెలుసే అంది. మంచం కింది పెట్టె లాగి, పాత ఇంట్లో కిటికీకి వేలాడిన తెర ఒకటి బయటికి తీసింది. కార్డు దాని మీద పెడితే గుడ్డ ఎక్కడో, అట్ట ఎక్కడో తెలియలేదు. ఎక్కడా దొరకదనుకున్న రంగు తన ఇంట్లో మంచం కిందే పడుకుని ఉంది.

"ముసలి తెరకి ఇన్నాళ్ళకి సంబంధం కుదిరింది," అని అత్తగారు ఆ రాత్రే కత్తెర పట్టింది. నడుముకి కుచ్చులు పెట్టి, మెడకి తెల్ల పైపింగ్ వేసి, ఎంత పాడు రంగుకైనా ముచ్చట తెచ్చే గౌను కుట్టింది. గువ్వ దాన్ని తొడుక్కుని అద్దం ముందు గిరగిరా తిరిగింది. రంగులమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పిల్ల బాగుంది. ఇంత ముస్తాబూ చేసి పంపేది చాప మీదికా?

పుట్టినరోజు నాటి మధ్యాహ్నం ఆమె బీరువాలోంచి నీలం గౌను తీసింది. చుట్టాలావిడ ఎప్పుడో పెట్టింది, కాస్త పొట్టయింది గానీ రంగు దివ్యంగా ఉంది. అది మంచం మీద పరిచి, ఇది వేసుకో అంది.

గువ్వ అమ్మ వైపు చూసింది, మంచం మీది గౌను వైపు చూసింది. "కార్డు..." అని మొదలుపెట్టింది.

"కార్డు సంగతి నాకు తెలుసు. చేసింది నేనే."

అత్తగారు సూది పక్కన పెట్టింది. పిల్ల బట్టలు మార్చుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళాక, ఏమిటే ఇది అంది. రంగులమ్మ గొంతు తగ్గించి అంతా చెప్పింది. రేకు లేని కార్డు, ఫోనులో మాటలు, చాపలు, డ్రైవర్ కొడుకు, వంటావిడ మనవరాలు. ఆ వరసలో నా కూతుర్ని కూడా కూర్చోబెట్టాలనుకున్నారు, నేను కూర్చోనివ్వను అంది.

"పిల్లనడిగావా?"

"దానికేం తెలుసత్తయ్యా."

"నువ్వు చూసింది చాపలు. చాప మీద కూర్చునేవాళ్ళని ఇంకా చూళ్ళేదు," అంది అత్తగారు. తర్వాత ఆకుపచ్చ గౌను నెమ్మదిగా మడత పెట్టింది. కుచ్చులు నలక్కుండా లోపల పాత కాగితం కూడా పెట్టింది. ఆ జాగ్రత్త చూస్తే రంగులమ్మకి తిట్టినట్టే అనిపించింది.

ఆ ఇంటి గేటు దగ్గర ఒకావిడ నిజంగానే బట్టల రంగు చూస్తోంది. గువ్వని చూడగానే నీలమా, ఇటు రండి అని తోటలో టేబుళ్ళ వైపు చేయి చూపించింది. అంతే, అంత సులువు. రంగులమ్మకి యుద్ధం గెలిచినంత పనయింది. కూతురి చేయి పట్టుకుని తలెత్తుకుని నడిచింది.

టేబుళ్ళ చుట్టూ నీలం చొక్కాలు, నీలం కోట్లు. అందరూ పెద్దవాళ్ళే. ఎవరో ఎవరికో బదిలీ అయిన సంగతి మాట్లాడుకుంటున్నారు. గువ్వ కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. ఒకాయన నీ పేరేంటి పాపా అని అడిగి, జవాబు చెప్పేలోపే పక్కాయన వైపు తిరిగాడు. గువ్వ పొట్టి గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంటూ, తోటకి అవతల వెలుగుతున్న గది కిటికీ వైపే చూస్తోంది. అక్కడి నుంచి పిల్లల నవ్వులు తెరలు తెరలుగా వస్తున్నాయి. రంగులమ్మ అటు చూడకుండా ఉందామనుకుంది. చివరికి మంచినీళ్ళ వంకతో లేచి ఆ కిటికీ దాకా వెళ్ళింది.

లోపలి గదిలో చాపలే పరిచి ఉన్నాయి. వాటి మీద పిల్లలు పడుతూ లేస్తూ ఏదో ఆట ఆడుతున్నారు. కప్పు నిండా బెలూన్లు. పిల్లలంతా పాచి రంగులో ఉన్నారు. ఒకడి చొక్కా వాళ్ళ నాన్నది కత్తిరించి కుట్టినట్టుంది. ఒకమ్మాయి తెల్ల గౌనుకి ఇంట్లో రంగు వేయించుకున్నట్టుంది, రంగు మచ్చలు మచ్చలుగా తేలింది. ఇంకో పిల్ల ఎవరిదో పెద్ద స్వెట్టరు చేతులు మడిచి వేసుకుని చెమటలు కక్కుతోంది. దొరకని రంగుని ఎక్కడెక్కడి నుంచి వెతికి తెచ్చారో! వాళ్ళ మధ్య ఫొటోలో పిల్ల కూర్చుని ఉంది. పుట్టినరోజు పిల్ల. ఆ పిల్ల ఒంటి మీది గౌను మాత్రం నిగనిగలాడే చిలకపచ్చ. ఆ గుడ్డముక్క ఏ తానులోదో రంగులమ్మకి అప్పుడు తెలిసింది.

పిల్ల పక్కన చాప మీద కొంత చోటు ఖాళీగా ఉంది. ఎవరో కూర్చోబోతే, అది గువ్వది అని చేయి అడ్డం పెట్టింది.

"వచ్చారా!" అంటూ నీలం మేడం వెనకనుంచి వచ్చింది. ఆవిడ కూడా నీలంలోనే ఉంది, రోజంతా తిరిగి అలిసిపోయి ఉంది. గువ్వ ఏదీ అని అడుగుతూనే చెప్పుకుపోయింది. ఏటా ఈ పుట్టినరోజు వాళ్ళాయన ఆఫీసు పండగైపోతుందట. పోయినేడు పిల్ల ఏడ్చిందట. ఈసారి ఒక గది నాది, నేను పిలిచినవాళ్ళే రావాలి, పెద్దవాళ్ళెవరూ లోపలికి రాకూడదు అని పంతం పట్టిందట. రేకు, కంపెనీ పేరు తన కార్డు మీద వద్దందట.

"మీ కొట్టుకి పంపింది కూడా తనే. గువ్వ వాళ్ళమ్మకి రాని రంగే లేదట, గౌను ముక్క ఇస్తే అచ్చం అదే తెస్తుందట. గువ్వకి తన చేత్తో తనే ఇవ్వాలని, మీకు ముందే చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది." ఆవిడ కిటికీలోంచి పిల్లల్ని చూసి నవ్వింది. "ప్రింటులో కాస్త మారినట్టుంది కదూ? తను కొంచెం చిన్నబుచ్చుకుంది. గువ్వ వాళ్ళమ్మని ఏమీ అనొద్దని మళ్ళీ తనే అంది."

కాగితం రంగు తాగేసిందండీ అన్న మాట నాలిక చివర సిద్ధంగానే ఉంది. రంగులమ్మ దాన్ని మింగేసింది.

"మారలేదు మేడం. నేనే మార్చాను."

"ఏదో అయిందిలెండి, ఎంత ముచ్చటగా వచ్చారో చూడండి," అంది ఆవిడ. ఎవరో పిలిస్తే ఇప్పుడే వస్తానంటూ వెళ్ళిపోయింది. రంగులమ్మ ఒప్పుకున్న తప్పు అలా ఎవరూ తీసుకోకుండా కిటికీ దగ్గరే మిగిలిపోయింది.

అప్పటికి గువ్వ కూడా కుర్చీ దిగి మెల్లగా వచ్చి లోపలి గది గుమ్మంలో నిలబడింది. అందరూ తిరిగి చూశారు. అంత పాచి రంగులో నీలం గౌను దీపం పెట్టినట్టు కనపడింది. పుట్టినరోజు పిల్ల లేచి నిలబడింది.

"నువ్వెందుకు నీలం వేసుకున్నావు?"

గువ్వ కిటికీ వైపు చూసింది. అమ్మ కళ్ళల్లోకి చూసింది. చూసి, "నాకు నీలమే ఇష్టం," అంది.

రంగులమ్మ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. తన పిల్లకి నీలం ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు.

పుట్టినరోజు పిల్ల తను అడ్డం పెట్టిన చోటు వైపు చూపించి, రా అంది గానీ, ఆ గొంతులో ఇందాకటి సంబరం లేదు. అంతలో ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆకుపచ్చ వాళ్ళందరూ దగ్గరికి రండి అన్నాడు. కెమెరాలోంచి చూసి, నీలం గౌను పాపా, నువ్వు కొంచెం వెనక్కి వెళ్ళమ్మా, రంగు చెడిపోతోంది అన్నాడు. గువ్వ వెనక వరసలో పొడుగు పిల్లల మధ్య నిలబడింది. మొహం ఒక్కటే కనపడుతోంది. మొహంతోనే నవ్వింది.

తిరిగి వస్తుంటే వీధిదీపాలు వెలుగుతున్నాయి. గువ్వ చేతిలో ఒక బెలూన్ ఉంది. ఆటలో ఎవరు ఓడిపోయారో, డ్రైవర్ వాళ్ళబ్బాయి స్వెట్టరు పిల్లని ఎలా నవ్వించాడో చెబుతూ నడుస్తోంది. రంగులమ్మ ఊఁ కొడుతోంది. మధ్యలో ఒకసారి ఆగి, నామీద కోపమా అని అడిగింది. గువ్వ బెలూన్ దారం వేలికి చుట్టుకుంది.

ఇంటి సందు తిరిగారు. కిటికీలో అత్తగారు కనపడుతోంది, వీళ్ళ కోసమే చూస్తోంది. మంచం మీద మడత పెట్టిన గౌను, లోపల పెట్టిన పాత కాగితం రంగులమ్మకి గుర్తొచ్చాయి.

"నాన్నమ్మ కుట్టిన గౌను రేపు బడికి వేసుకెళ్తావా? నీ ఫ్రెండుకి చూపిద్దువు గానీ," అంది.

"బడికి యూనిఫాం కదమ్మా," అంది గువ్వ.